టారో కార్డు తీయగానే పుస్తకం తెరవకండి

టారో కార్డులు భవిష్యత్తు చెబుతాయా లేదా అన్న వాదన పక్కన పెడదాం. మన మనసులో ఏం నలుగుతోందో తేల్చుకోవడానికి మాత్రం అవి బాగా పనికొస్తాయి. కార్డు తీశాక, డెక్‌తో (కార్డుల కట్టతో) వచ్చిన చిన్న పుస్తకంలో అర్థం వెతక్కండి. ముందు బొమ్మలో కనిపించింది కనిపించినట్టు నోట్‌బుక్‌లో రాయండి.

1909లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్‌లో ‘ఎయిట్ ఆఫ్ స్వోర్డ్స్’ కార్డునే తీసుకోండి. ఒక స్త్రీ, కళ్లకు గంతలు, ఒంటికి కట్లు, చుట్టూ ఎనిమిది కత్తులు. అయ్యో పాపం అనిపిస్తుంది. నింపాదిగా చూస్తే ఆమె కాళ్లకు కట్లు లేవు, ముందువైపు కత్తులూ లేవు. మీ కళ్లు మొదట దేనిమీద పడ్డాయి? అక్కణ్ణుంచి రాయడం మొదలుపెట్టండి. ఈ డెక్‌లోని 78 కార్డులకీ పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు వేశారు. అంకెల కార్డుల్లోనూ మనుషులూ సన్నివేశాలూ ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు ఇదే నయమంటాను.

అడిగే ప్రశ్న కూడా ముఖ్యమే. “ఉద్యోగం వస్తుందా?” అంటే మిగిలేది టెన్షనే. “ఈ ఉద్యోగం విషయంలో నేను దేనికి భయపడుతున్నాను?” అని అడగండి.

ఒరాకిల్ కార్డులని ఇంకో రకం ఉన్నాయి, వాటికి టారోలా స్థిరమైన అమరిక ఉండదు. వాటి మీద చాలావరకు ‘ఓర్పు’, ‘క్షమ’ లాంటి మాట అచ్చేసి ఉంటుంది. దాన్ని బొటనవేలితో మూసి బొమ్మ చూడండి.

నచ్చని కార్డు వస్తే ఇంకోటి తీయకుండా, ఎందుకు నచ్చలేదో రెండు లైన్లు రాయండి. డాక్టరు దగ్గరో లాయరు దగ్గరో తేలాల్సిన విషయాలు మాత్రం కార్డుల దాకా తేవద్దు.