తీగను చదువుదాం – 3: మసి పట్టిన ఆకు నుంచి పైకి

పోయిన పాఠంలో దుష్టపుతీగను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. తుంచితే పాలు, నలిపితే వెగటు వాసన, జంటగా వేలాడే మెత్తటి ముళ్ల కాయలు. ఈపాటికి ఏ కంచె మీదో ఒక తీగ చూసిపెట్టుకునే ఉంటారు. ఈ రోజు దాని మీద బతికేవాటి జాడ తీద్దాం.

వెళ్లగానే పురుగుల కోసం వెతక్కండి. ముందు కింది ఆకులు చూడండి. కొన్నిటి పైభాగం పొయ్యిమసి పూసినట్టు నల్లగా ఉంటుంది. తడి వేలితో రుద్దండి. నలుపు వేలికంటుకుని కింద పచ్చటి ఆకు బయటపడితే అది మసి తెగులు. రుద్దినా పోని మచ్చలను ఈ రోజుకు వదిలేయండి. ఆకు పాలు అంటిన చేతిని మాత్రం కంటి దగ్గరికి పోనివ్వకండి.

ఈ బూజు ఆకును తినదు. ఆకు మీద పడిన తీపిని తిని పెరుగుతుంది. ఆ తీపి పైనుంచి రాలిందే. కాబట్టి మసి కనబడిన చోటే నిలబడి, తల పైకెత్తండి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఇదే.

లేత కొసన పేనుబంక గుంపు కనిపిస్తుంది: పసుపు ఒళ్లు, నల్లటి కాళ్లు, వెనక రెండు నల్లటి గొట్టాలు. జిల్లేడు మీదా, గన్నేరు మీదా చూసే పురుగే. శాస్త్రీయ నామం ఏఫిస్ నీరియై. అందులోని 'నీరియై' గన్నేరును చెబుతుంది. తీగ రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి కావలసిన మాంసకృత్తుల సరుకు తక్కువ. అందుకే ఇవి రసం విపరీతంగా తాగి, మిగులు చక్కెరను బొట్లుబొట్లుగా వదిలేస్తాయి. చీమలు చేరేది ఆ బొట్ల కోసమే. చీమలకు అందనిది కింది ఆకుల మీద పడి, బూజుకు తిండి అవుతుంది.

ఇప్పుడు భూతద్దం తీయండి. పది నిమిషాలైనా కదలకుండా చూడండి. గుంపులో ఒకటీ అరా ఉబ్బిపోయి, ఎండుగడ్డి రంగులో, కదలక మెదలక ఉంటాయి. వాటి వీపున గుండ్రటి కన్నం ఉందా? లోపల గుడ్డు పెట్టిన చిట్టి కందిరీగ జాతి పురుగు పిల్ల, పేనుబంకను లోపల్లోపలే తినేసి బయటికొచ్చిన దారి అది. నేను మొదటిసారి చూసినప్పుడు కన్నం మూత ఇంకా ఓ పక్క అతుక్కునే ఉంది, తెరిచిన కుండకు మూత వేలాడినట్టు. చాలాసేపు అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

చిన్న మొసలిలాంటి ముదురు రంగు పురుగు కనిపిస్తే దయచేసి నలపకండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకను తినే జీవి. తెగులు అనగానే మందు కొట్టాలనిపిస్తుంది. కంచె మీది తీగకు ఆ అవసరం లేదు, కొడితే ఈ కథంతా ఆగిపోతుంది.

అభ్యాసం: మసి పట్టిన ఒక ఆకుకు దారం కట్టండి. దాని నుంచి గుంపు ఎన్ని జానల పైన ఉందో రాసుకోండి. వారం రోజులు రోజూ అదే ఆకు, అదే గుంపు చూడండి. పెద్ద వాన పడితే ఏం మారిందో ఆ తేదీతో సహా రాయండి.

ఈలోగా ఏ ఆకైనా నడిమి ఈనె కొరికి, వాలిపోయి కనిపిస్తే తుంచకండి. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు తినబోయే ముందు పాలు కారిపోవడానికి వేసే గాటు అలాగే ఉంటుంది. ఆ ఆకుకూ ఒక దారం కట్టి రండి. నాలుగో పాఠం అక్కడ మొదలుపెడదాం.