కలప చెట్ల విత్తనాలను సంచుల్లో మొలకెత్తించడం ఎలా?

దిరిసెన, టేకు, మహాగని గింజలను ఒకే పద్ధతిలో నానబెట్టి విత్తితే అన్నీ సరిగా మొలవవు. దేని పెంకు దానిది. సంచులు నింపే ముందే ఈ పని చూసుకోవాలి.

దిరిసెన, తుమ్మ గింజల పైపొర నీటిని లోపలికి పోనివ్వదు. గింజలకు ఐదారు రెట్లు నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించాక అందులో గింజలు వేసి అలాగే చల్లారనివ్వండి. పొయ్యి మీదే ఉంచితే లోపలి మొలక ఉడికిపోతుంది. 24 గంటల తర్వాత ఉబ్బినవి విత్తండి. ఉబ్బనివాటిని ఉప్పుకాగితంతో ఒక అంచున కొద్దిగా రుద్ది మళ్లీ నానబెట్టండి. కాయకు అంటుకున్న మచ్చ వైపు మాత్రం రుద్దొద్దు, వేరుమొలక ఉండేది అక్కడే.

టేకులో మనం విత్తేది కాయనే. లోపల గట్టి టెంక ఉంటుంది. రాత్రి నీళ్లలో, పగలు మంచి ఎండలో, ఇలా వారం నుంచి రెండు వారాలు చేయాలి. అయినా మొలకలు ఒకేసారి రావు, నెలల తరబడి వస్తూనే ఉంటాయి. అందుకే నేరుగా సంచిలో కాకుండా ఇసుక పోసిన ట్రేలో, ఎండ తగిలే చోట విత్తి, రెండు జతల ఆకులు రాగానే సంచిలోకి మార్చడం మేలు.

మహాగనికి ఇవేవీ అక్కర్లేదు. రెక్క తుంచి, తాజాగా విత్తితే చాలు. సాల గింజలైతే రాలిన వారంలోపే విత్తాలి, ఎండబెట్టి దాస్తే చచ్చిపోతాయి.

సంచి 15 × 25 సెంటీమీటర్లది, కింది సగంలో చిల్లులున్నది తీసుకోండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, పైన 2 సెంటీమీటర్లు వదిలి నింపండి. పచ్చి ఎరువు వేడికి లేత వేళ్లు మాడిపోతాయి. గింజ మందానికి రెండింతల లోతులో విత్తి, సన్నని జల్లుతో తడపండి.

మొలక మొదలు మెత్తబడి ఒరిగిపోతే అది నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి ఆడకపోతే వస్తుంది. పడిపోయినవాటిని తీసేసి, మిగిలినవాటిని ఎడంగా పెట్టి, పొద్దున మాత్రమే నీళ్లు పోయండి. మొలకల మీద ఎండ తగ్గించడానికి కట్టిన నీడవలను రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా తీసేయండి.

సంచులను నెలకోసారి కదపండి, లేదంటే తల్లివేరు నేలలోకి దిగుతుంది. నాటేటప్పుడు అడుగున చుట్టుకున్న వేరును పదునైన కత్తితో కోసేయండి. అలాగే పాతితే ఆ వేరు మెలితిరిగే లావెక్కి, పెద్ద గాలికి చెట్టు కూలుతుంది.