పెళ్లికి బయల్దేరే ముందే వీసా పొడిగింపు

మిర్యాలగూడలో మా చెల్లెలి కూతురి పెళ్లి. థాయ్‌లాండ్‌లో నా రిటైర్మెంట్ పొడిగింపు (రిటైరైనవాళ్లు మరో ఏడాది ఉండటానికిచ్చే అనుమతి) గడువు సరిగ్గా ఆ వారంలోనే ముగుస్తోంది. "అన్నా, పిల్లను గంపలో తీసుకొచ్చే మేనమామవు నువ్వే లేకుంటే ఎట్ల?" అని చెల్లె ఫోన్‌లో అడిగేసరికి టెన్షన్ పట్టుకుంది.

ఈ పొడిగింపు పని నల్లగొండలో కూర్చుని అయ్యేది కాదు, థాయ్‌లాండ్‌లోని ఇమిగ్రేషన్ ఆఫీసులోనే చేసుకోవాలి. మామూలుగా గడువుకు 30 రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. ముందే వెళ్తే రోజులు నష్టపోతామని చాలామంది ఆఖరి వారం దాకా ఆగుతారు. ఆగనక్కర్లేదు, కొత్త ఏడాదిని పాత గడువు తేదీ నుంచే లెక్కిస్తారు. నేను ఆ 30 రోజులు మొదలవగానే వెళ్లాను.

అసలు జాగ్రత్తంతా డబ్బు దగ్గరే. బ్యాంకు డిపాజిట్ చూపించి పొడిగింపు తీసుకునేవాళ్లకు 8 లక్షల బాత్‌లు (థాయ్ కరెన్సీ), సొంత పేరు మీద, థాయ్ బ్యాంకులో, దరఖాస్తుకు కనీసం 2 నెలల ముందు నుంచే ఉండాలి. త్వరగా వెళ్లాలంటే డబ్బు కూడా అంత ముందే వేయాలన్నమాట. పొడిగింపు వచ్చాక మరో 3 నెలలు దాన్ని ముట్టుకోకూడదు, ఆ తర్వాతా 4 లక్షలకు తగ్గకూడదు. అందుకే పెళ్లికి చెల్లెకు ఇవ్వాల్సింది నల్లగొండ ఖాతాలోంచే ఇచ్చాను.

పొడిగింపు ఫీజు 1,900 బాత్‌లు. స్టాంపు పడగానే రీఎంట్రీ పర్మిట్ (దేశం దాటి మళ్లీ తిరిగి రావడానికి అనుమతి) కూడా తీసుకున్నాను, ఒక్క రాకపోకకు 1,000 బాత్‌లు. అది లేకుండా దేశం దాటితే పొడిగింపు రద్దయిపోతుంది. పాత గడువు మీద తీసుకున్న పర్మిట్ ఆ గడువుతోనే ముగుస్తుంది కాబట్టి, పొడిగింపు తర్వాతే దాన్ని తీసుకోండి.