ఆదివారం ఆటకు వింత పాత్ర రాసుకుంటున్నారా? ముందు ఇవి చూడండి

మారతహళ్లి ఫ్లాట్‌లో ఈ ఆదివారం కొత్త కథ మొదలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి కలిసి కథ నడిపే టేబుల్ ఆట), ఐదో ఎడిషన్.

మీ పాత్ర మిగతావాళ్లతో ఎందుకు తిరుగుతుందో ముందే తేల్చుకోండి. ఎవరితోనూ కలవని మొండిఘటమైతే అందరి సాయంత్రం పాడవుతుంది. "మావాడి స్వభావమే అంత" అంటే ఎవరూ ఊరుకోరు.

వింతంతా వేషంలోనే ఉండాలి, ఆట లెక్కల్లో కాదు. తోలుబొమ్మలాడించే బార్డ్ (పాటలతో మంత్రాలేసే కళాకారుడి పాత్ర) కావాలా? మామూలు బార్డ్ రూల్సే తీసుకుని మంత్రాలన్నీ బొమ్మల నోట పలికించండి. కొత్త పవర్లు కనిపెడితే ఆట నడిపే మాస్టర్‌కు టెన్షన్.

బలం, తెలివి లాంటి ఆరు సామర్థ్యాల అంకెల్ని పాయింట్లతో కొనుక్కుంటే, 27 పాయింట్లతో మూడు 15లు కొంటే మిగతా మూడూ 8 దగ్గరే ఆగిపోతాయి.

కాన్సంట్రేషన్ మంత్రాలు (ధ్యాస పెట్టి నిలబెట్టాల్సినవి) ఎక్కువ వద్దు. ఒకసారికి ఒకటే నడుస్తుంది.

పాత్ర వివరాల షీట్ శనివారంలోపు పంపండి. టేబుల్ దగ్గర బేరాలు విసుగు.