హెచ్‌ఓడీ సంతకం ఉంటే సరిపోతుందా?

ఇక్కడ ఎంబీబీఎస్ సీటుకి నీట్ ర్యాంకు చాలు, ఎవరి సిఫారసు లెటరూ అక్కర్లేదు. అందుకే అమెరికా రెసిడెన్సీకి (అక్కడి పీజీ ట్రైనింగ్‌కి) అప్లై చేసేదాకా మనవాళ్లకి ఎల్‌ఓఆర్, అంటే సిఫారసు లెటర్ల గోల పట్టదు, పట్టేసరికి ఆగస్టు వచ్చేస్తుంది. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో (అమెరికా మెడికల్ లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి భాగం) స్కోరు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. అంటే స్కోరు చూపించి లెటర్ల లోటు కప్పుకునే దారి ఒకటి మూసుకుపోయింది.

నేను హైదరాబాద్‌లో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు పెద్ద పేరున్న హెడ్ గారి గది బయట మూడ్రోజులు నిలబడ్డాను. ఆయన తలెత్తకుండానే "నువ్వే రాసుకురా బాబూ, సంతకం పెడతా" అన్నారు. ఎగిరి గంతేశాను, చూడండి నా తెలివి! కష్టపడతాడు, వినయం ఉంది, టైంకి వస్తాడు అని నింపాను. తర్వాత చూస్తే మా బ్యాచ్‌లో నలుగురం అవే మాటలు రాసుకున్నాం, పేర్లే తేడా.

లెటర్ వీక్ అవ్వడమంటే అదే. మీ గురించి చెడు రాయక్కర్లేదు, ఎవరికైనా సరిపోయేలా రాస్తే చాలు. అందుకే రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో మీ పని కళ్లారా చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌నే ముందు అడగండి. "లెటర్ ఇస్తారా" అనకండి, "నా పని గుర్తుండి, గట్టిగా రాయగలననిపిస్తేనే ఇవ్వండి సార్" అనండి. మన దగ్గర ఎవరూ మొహం మీద కాదనరు కాబట్టి "చూద్దాంలే" అన్నారంటే కాదన్నట్టే, దండం పెట్టి వచ్చేయండి.

సరే అన్నవాళ్లకి సీవీతో పాటు ఒక్క పేజీ ఇవ్వండి: ఏ స్పెషాలిటీకి అప్లై చేస్తున్నారు, వాళ్లతో కలిసి చూసిన రెండు మూడు కేసులు (పేషెంట్ల పేర్లు లేకుండా), అందులో మీరు చేసిందేంటి, ఎక్కడ తడబడి దిద్దుకున్నారు. లెటర్ మాత్రం మీరు రాయకండి.

ఇప్పటికే ఒక లెటర్ ఈరాస్ (రెసిడెన్సీకి అప్లై చేసే ఆన్‌లైన్ పోర్టల్) లోకి వెళ్లిపోయి, అది చప్పగా ఉందని అనుమానమా? టెన్షన్ వద్దు. ఈరాస్‌లో లెటర్లు ఎన్నైనా పెట్టించుకోవచ్చు, ఒక్కో రెసిడెన్సీ ప్రోగ్రాంకి పంపగలిగేది మాత్రం నాలుగే. అనుమానం ఉన్నదాన్ని ఏ ప్రోగ్రాంకీ అసైన్ చేయకుండా పక్కన పెట్టేసి ఇంకొకరిని అడగండి. అమెరికా హాస్పిటల్లో రొటేషన్ (కొన్నాళ్ల ట్రైనింగ్) చేసుంటే అక్కడివాళ్ల లెటర్లే ముందు. ఫారంలో లెటర్ చూసుకునే హక్కు వదులుకోను అని మాత్రం పెట్టకండి, చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

అప్‌లోడ్ చేయాల్సింది రాసినవాళ్లే. రిక్వెస్ట్ ఫారం ఇచ్చేసి ఊరుకుంటే సార్ మర్చిపోతారు. ఓపీ అయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పోర్టల్ తెరిచి పెట్టండి. ఫైల్ ఎక్కించేటప్పుడు బయటికొచ్చి నిలబడండి, చూడనని టిక్ పెట్టింది మీరే కదా.