స్ప్రింగ్‌లో ఇంటర్‌సెప్టర్ పెడుతున్నారా? ఫాల్స్ రిటర్న్ చేసే ముందు ఇవి చూసుకోండి

జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్‌లో, రిక్వెస్ట్‌కి జవాబిచ్చే ప్రతి కంట్రోలర్ మెథడ్ మొదట్లో యూజర్ లాగిన్ అయ్యాడా లేదా అని చూసే అవే నాలుగు లైన్లు కాపీ చేసుకుంటూ పోతున్నారంటే, ఇక ఇంటర్‌సెప్టర్ రాసుకోవాల్సిందే. రిక్వెస్ట్, వాటిని తగిన మెథడ్‌కి పంపే డిస్పాచర్ సర్వ్‌లెట్ దాకా వచ్చి, ఏ మెథడ్‌కి వెళ్లాలో తేలాక, ఆ మెథడ్ నడిచేలోపు మన కోడ్‌కి ఒక అవకాశం దొరుకుతుంది. ఇలాంటి పనులకే వాడే ఫిల్టర్ అంతకంటే ముందే నడుస్తుంది కాబట్టి దానికి ఏ మెథడ్ నడవబోతోందో తెలియదు.

హ్యాండ్లర్‌ఇంటర్‌సెప్టర్‌ని ఇంప్లిమెంట్ చేస్తూ ఒక క్లాస్ రాయండి. స్ప్రింగ్ 5 నుంచి అందులోని మూడు మెథడ్లూ (కంట్రోలర్‌కి ముందు ప్రీహ్యాండిల్, తర్వాత పోస్ట్‌హ్యాండిల్, అంతా అయ్యాక ఆఫ్టర్‌కంప్లీషన్) డిఫాల్ట్‌వే, కావాల్సింది రాసుకుంటే చాలు. క్లాస్ మీద కాంపొనెంట్ అని పెట్టి ఊరుకుంటే మాత్రం అది నడవదు, వెబ్‌ఎంవీసీకాన్ఫిగరర్‌లోని యాడ్‌ఇంటర్‌సెప్టర్స్‌లో రిజిస్టర్ చేసి, ఏ పాత్‌లకి వర్తించాలో, ఏవి వదిలేయాలో అక్కడే చెప్పాలి.

అసలు పనంతా ప్రీహ్యాండిల్‌లోనే ఉంది. ట్రూ ఇస్తే రిక్వెస్ట్ ముందుకెళ్తుంది, ఫాల్స్ ఇస్తే అక్కడితో ఆగిపోతుంది. కానీ ఫాల్స్ ఇచ్చి స్టేటస్ పెట్టడం మర్చిపోతే, అవతలివాళ్లకి 200 (అంతా సరే) అనే వెళ్తుంది, లోపల ఏమీ ఉండదు! సరే అని సెండ్‌ఎర్రర్‌తో 401 (లాగిన్ కావాలి) పంపితే ఇంకో చిక్కు. స్ప్రింగ్ బూట్‌లో ఆ ఎర్రర్ మళ్లీ స్లాష్ ఎర్రర్ అనే పాత్‌కి వెళ్తుంది, మన ఇంటర్‌సెప్టర్ దాన్నీ పట్టుకుని "లాగిన్ కాలేదు" అని ఆపేస్తుంది, దాంతో రావాల్సిన ఎర్రర్ జేసన్ రానే రాదు. లాగిన్ టోకెన్ చూసే కోడ్‌లోనే తప్పుందనుకుని దీని మీద నేను సగం రోజు పోగొట్టుకున్నాను. వదిలేయాల్సిన పాత్‌లలో స్లాష్ ఎర్రర్‌ని మొదటిరోజే చేర్చేయండి.

రిక్వెస్ట్‌కి ఎంత టైమ్ పట్టిందో కొలవాలంటే, మొదలైన టైమ్‌ని క్లాస్ ఫీల్డ్‌లో దాచకండి. ఇంటర్‌సెప్టర్ ఆబ్జెక్ట్ ఒక్కటే, దాన్ని అన్ని థ్రెడ్లూ వాడుకుంటాయి, ఒకరి టైమ్ ఇంకొకరి లెక్కలో పడుతుంది. రిక్వెస్ట్‌కే అట్రిబ్యూట్‌గా తగిలించి ఆఫ్టర్‌కంప్లీషన్‌లో తీసుకోండి. పోస్ట్‌హ్యాండిల్‌లో వద్దు, కంట్రోలర్ ఎక్సెప్షన్ విసిరితే అది అసలు నడవదు. జేసన్ ఇచ్చే ఏపీఐల్లో అక్కడ హెడర్ పెట్టినా లాభం లేదు, అప్పటికే రెస్పాన్స్ రాయడం అయిపోయి ఉంటుంది. హెడర్లు ప్రీహ్యాండిల్‌లోనే పెట్టేయండి.

ఒకటికి మించి ఇంటర్‌సెప్టర్లుంటే ప్రీహ్యాండిల్ రిజిస్టర్ చేసిన వరసలో, మిగతా రెండూ వెనక నుంచి ముందుకీ నడుస్తాయి.

ప్రీహ్యాండిల్‌కి వచ్చే హ్యాండ్లర్‌ని (రిక్వెస్ట్‌ని అందుకోబోయే ఆబ్జెక్ట్) హ్యాండ్లర్‌మెథడ్‌గా క్యాస్ట్ చేసే ముందు ఇన్‌స్టాన్స్‌ఆఫ్ చెక్ తప్పనిసరి, లేకపోతే ఒక సీఎస్‌ఎస్ ఫైల్ అడిగినా, దాని హ్యాండ్లర్ కంట్రోలర్ మెథడ్ కాదు కాబట్టి, క్లాస్‌క్యాస్ట్‌ఎక్సెప్షన్ వస్తుంది. ఇక భద్రత మొత్తాన్నీ దీని మీదే వదిలేయకండి, పాత్ మ్యాచింగ్‌లో చిన్న తేడా ఉన్నా రిక్వెస్ట్ లోపలికి జారిపోగలదు, ఆ పనికి స్ప్రింగ్ సెక్యూరిటీ వాడమని స్ప్రింగ్ వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతోంది.