నీళ్లు పోస్తున్నా నారు ఎండకు మాడిపోతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: నీడపట్టున పెంచిన నారును ఎండలోకి మార్చగానే ఒకటి రెండు రోజుల్లో ఆకులు పాలిపోయి మాడిపోతున్నాయి.

ముందు ఇది చూడండి. మధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి నిలబడితే అది నీటి ఎద్దడి, అంతే. మట్టి తడిగానే ఉండి, వేళ్లు కుళ్లకుండా ఉండి, మర్నాడు పొద్దుటికీ ఆకు తేరుకోలేదంటే వేడి కణాల్లోని ప్రోటీన్లదాకా వెళ్లిందనే అనుమానించాలి.

కారణం: ప్రోటీన్ పనిచేయాలంటే సరైన ఆకారంలో ముడుచుకుని ఉండాలి. వేడికి ఆ మడతలు విప్పుకుంటాయి, లోపలుండాల్సిన భాగాలు బయటపడి ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. దీన్ని ఆపేవి షాపెరోన్ ప్రోటీన్లు. వీటిలో చిన్న హీట్ షాక్ ప్రోటీన్లు (హెచ్‌ఎస్‌పీలు) విప్పుకున్నవాటిని పట్టుకుని అతుక్కోనివ్వవు. హెచ్‌ఎస్‌పీ70 ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి మళ్లీ మడతపడేలా చూస్తుంది. అప్పటికే ముద్దకట్టిన దాన్ని విడదీసేది హెచ్‌ఎస్‌పీ101. ఆరు భాగాల ఉంగరంలా ఉండే ఇది, చిక్కుపడ్డ ప్రోటీన్‌ను తన నడిమి రంధ్రంలోంచి పోగులా లాగేస్తుంది.

వీటి నిల్వ పెరగడానికి మొక్కకు టైం కావాలి. మామూలప్పుడు హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 కలిసి హెచ్‌ఎస్‌ఎఫ్‌ఏ1 అనే, షాపెరోన్ల జన్యువులను ఆన్ చేసే స్విచ్ ప్రోటీన్‌ను అణచి ఉంచుతాయి. వేడికి అవి దెబ్బతిన్న ప్రోటీన్ల వైపు వెళ్లిపోగానే స్విచ్ విడుదలై కొత్త షాపెరోన్ల తయారీ మొదలవుతుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి, కాపలాదారుల కొరతే ఇక్కడ అలారం! అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క) మొలకల్ని నేరుగా 45 డిగ్రీల్లో పెడితే గంటల్లోనే చావుదెబ్బ తింటాయి. ముందు 38 డిగ్రీల్లో గంటన్నర ఉంచితే అదే వేడిని తట్టుకుంటాయి. హెచ్‌ఎస్‌పీ101 లేని రకం మామూలుగానే పెరుగుతుంది కానీ, ఈ ముందస్తు వేడి దాన్ని కాపాడలేదు.

పరిష్కారం: వారం పది రోజులు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. మొదట పొద్దుటి ఎండ గంటా రెండు గంటలు, తర్వాత పెంచుతూ పోవాలి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు, ఆకు చల్లబడేది ఆవిరి వల్లే. ఈ ఓర్పు కొన్ని రోజులే ఉంటుంది, కాబట్టి చల్లటి వారం తర్వాత ఒక్కసారిగా ఎండలు ముదిరితే నీడ వల మళ్లీ కట్టాల్సిందే.

సమస్య: మొక్క పచ్చగానే ఉంది, పూత రాలిపోతోంది.

కారణం, పరిష్కారం: ఆకు తట్టుకున్న వేడిని పుప్పొడి తట్టుకోలేదు. పక్వమైన పుప్పొడిలో హీట్ షాక్ స్పందన, అంటే వేడికి షాపెరోన్లను తయారుచేసుకునే శక్తి, చాలా బలహీనం. వేడివల్ల రాలే పూత ఎరువు పెంచితే నిలవదు. పూత సమయం తీవ్రమైన ఎండల్లో పడకుండా విత్తే తేదీ మార్చండి, లేదా వేడిని తట్టుకునే రకం ఎంచుకోండి. ఇప్పటికే పూతకొచ్చిన మొక్కలకు మధ్యాహ్నం పూట నీడ వల కట్టండి.